పెద్దమ్మ నేర్పిన వగరు

మా పెద్దమ్మ చనిపోయి నెల దాటింది. కమలాపురం దగ్గర మా ఊళ్లో, పొద్దున ప్రార్థన చేసుకుని, కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని మళ్లీ లేవలేదు. ఫోన్ వచ్చినప్పుడు నేను కర్ణాటకలో, పనిచేసే చోట, ఎర్ర వైన్ గ్లాసు పట్టుకుని ఉన్నాను. వైన్ రుచి చూసి అదెలా ఉందో చెప్పడమే నా ఉద్యోగం. అది ఆమె పెట్టిన భిక్ష.

మా చర్చిలో ప్రభువు బల్ల రోజున అందరికీ గుక్కెడు పంచే ద్రాక్షారసం చేసేది పెద్దమ్మే. నల్లద్రాక్షను చేత్తోనే పిసికేది, మిక్సీని దగ్గరికి రానిచ్చేది కాదు. "గింజ నలిగితే వగరు ఎక్కువైతాది, ముసలోళ్లు మొగాలు చిట్లిస్తారు" అనేది. మధ్యమధ్యలో గరిటెడు నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, పుక్కిలించి పెరట్లో ఉమ్మేసేది. తాగుడంటే ఆమెకు ఒళ్లుమంట. ఎవరైనా ఎగతాళి చేస్తే, "మింగితే పాపం, ఉమ్మితే పని" అని నోరు మూయించేది.

ఉద్యోగ పరీక్షకు నేను పుస్తకాలు బట్టీపట్టి వెళ్లాను. ఇచ్చిన వైన్ రుచి చూసి ధీమాగా "చెర్రీ" అన్నాను. ఎలాంటి చెర్రీ అని అడిగారు అక్కడి పెద్దాయన. కడప బేకరీలో బన్ను మీద పెట్టేది అన్నాను. గదంతా ఒకటే నవ్వు. ఆయన మాత్రం నవ్వలేదు. నెల తర్వాత ఇంకోసారి రమ్మన్నారు, అదే ఆఖరన్నారు.

ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే పెద్దమ్మ పడీ పడీ నవ్వింది.

"అది చెర్రీ కాదమ్మే, మన కంపల్లో కాసే కలివికాయ! పాకంలో ఊరేసి రంగేస్తారు. నువ్వు తినని పండు పేరు నువ్వెందుకు చెప్తాండావు?"

"మరి ఏం చెప్పాల పెద్దమ్మా?"

"నీ నోటికి తెలిసిందే చెప్పు. నోరు అబద్ధమాడదు, చదువు ఆడతాది."

ఆ నెలంతా నా కళ్లకు గుడ్డ కట్టి పెరట్లో కూర్చోబెట్టింది. నేరేడు పండు, పాత చింతపండు, లేత వక్క, మాడిన బెల్లం ఒక్కొక్కటే నోట్లో పెట్టేది. వానకు తడిసిన బండికొయ్య ముక్కను ముక్కు దగ్గర పట్టేది. "యాడ తగిలింది? నాలిక కొసనా, దవడలకా? ఎంతసేపుండాది?" అని పోలీసులా అడిగేది. వక్కకు చిగుళ్లు బిగుసుకుని నేను మొహం ముడిస్తే, "వగరును తిట్టొద్దు. అది లేకుంటే రసానికి నడుం నిలబడదు" అంది.

రెండోసారి పరీక్షలో భయపడుతూనే చెప్పాను. ముందు దోర నేరేడు. తర్వాత పులుపు, అదీ ఏడాది నిలవున్న చింతపండుది. చివర వక్క నమిలినట్టు చిగుళ్లను పట్టే వగరు. పల్చన కాదు, గోరువెచ్చని నెయ్యిలా జారుతోంది. తొందరపడి మాట్లాడని మనిషి లాంటి వైన్ అన్నాను. పెద్దాయన గ్లాసు మళ్లీ తీసుకుని ఇంకో గుక్క పట్టారు. "నిజమే, పాత చింతపండే" అన్నారు. ఉద్యోగం వచ్చింది.

ఆ తర్వాత కూడా పేరు దొరకని రుచి తగిలినప్పుడల్లా ఆమెకే ఫోన్ చేసేదాన్ని. అవే ప్రశ్నలు అడిగేది. మాట నా నోట్లోంచే వచ్చేది. "నేను చెప్పలా, నువ్వే చెప్పినావు" అనేది. నేనెప్పుడూ నమ్మలేదు. అందుకే ఆమె పోయాక గ్లాసు పట్టాలంటే భయమేసింది. ఇక నన్నెవరు అడుగుతారు?

నెల ప్రార్థన రోజున సమాధి మీద నల్లటి కడప బండ పరిచారు. మిట్టమధ్యాహ్నం. మేస్త్రీ దుమ్ము పోవాలని దాని మీద బిందెడు నీళ్లు పోశాడు. ప్రార్థన అయ్యాక బయల్దేరి వచ్చేశాను.

రెండు రోజులకు, ఐదేళ్లు పీపాలో నిలవున్న ఎర్ర వైన్ నా ముందు పెట్టారు. నేరేడు ఉంది, వక్క ఉంది. వాటి అడుగున ఇంకేదో ఉంది, పేరు తట్టలేదు. చెయ్యి ఫోన్ వైపు పోయి ఆగిపోయింది. కళ్లు మూసుకుని నన్ను నేనే అడిగాను. యాడ తగిలింది? ఎంతసేపుండాది?

కళ్లు తెరిచి పుస్తకంలో రాశాను: ఎండకు కాలిన నల్లబండ, మీద బిందెడు నీళ్లు, అప్పుడు లేచిన ఆవిరి.