నర్సవ్వత్త కట్టించుకున్న చీకటి

మా మేనత్త నర్సవ్వ మొన్న మంగళవారం పొద్దున ఎల్లారెడ్డిలో చనిపోయింది. పరమపదించిందనీ దేవుడి దగ్గరికి వెళ్లిందనీ నేను రాయను. రాస్తే ముందుగా నవ్వేది ఆమే. ఆమె కోడలు రజిత ఫోన్ చేసినప్పుడు కామారెడ్డిలో మా ఇంట్లో చాయ్ తాగుతున్నాను. "అత్తమ్మ లేస్తలేదు" అని ఒక్క మాటే అంది. మరణం ప్రకృతి ధర్మమని, దానికి వణకడం అవివేకమని ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో నాకే గుర్తులేదు. ఆ పొద్దున మాత్రం జతకాని చెప్పులు తొడుక్కుని బస్సెక్కాను. ఎల్లారెడ్డిలో దిగేదాకా చూసుకోనే లేదు.

ఆమెను ఎరిగినవాళ్లకు ఆమె పేరు వినగానే తట్టేది ఆ నల్లటి స్నానాల గది. ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను.

ఊరి బయట పొలం దగ్గర ఆమె ఇల్లు. దాన్ని బాగుచేయిస్తున్న రోజుల్లో రజిత ఫోన్‌లో ఏవో బొమ్మలు చూపించింది. పరాయి దేశాల రైతుల ఇళ్లలో స్నానాల గదులు: నల్లటి గోడలు, పాత దూలాలు, మసక దీపాలు. అత్త ఫోన్‌ను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసి, "గిది మన కొట్టమే గదనే. ఎద్దులు లేవు, గంతే" అందట. మర్నాడే మేస్త్రీకి కబురు వెళ్లింది.

గోడలకు నడుమెత్తు వరకు నల్ల కడప బండ, ఆ పైన బొగ్గు రంగు. కాలు జారకుండా కింద గరుకు రాళ్లు. కొట్టం విప్పినప్పుడు దాచిన టేకు తలుపును పెరటి వైపుకు బిగించారు. చెదలు తిన్న మూలను పూడ్చవద్దంది, నూనె మాత్రం రాయించింది. రాగి గంగాళాన్ని తోమనిచ్చేది కాదు. మెరిస్తే కళ్లకు కొడుతుందనేది. పాత కందీలు లాంతరులో చిన్న పసుపు బల్బు పెట్టించింది; పెద్ద లైటు ఉన్నా వేయనిచ్చేది కాదు. తువ్వాళ్లు వేసుకోవడానికి ఎద్దుల మెడ మీది కాడిని గోడకు కొట్టించింది.

గొడవ ఆ కాడితోనే మొదలైంది. ఆమె భర్త పోయాక ఆ ఇంటికి పెద్ద ఆమె మరిది రాజయ్య. ఏరువాక నాడు పసుపు కుంకుమ పెట్టి మొక్కే కాడిని తువ్వాల కట్టె చేసిందని, నలుపు ఇంటికి శని అని, ఇకపై ఆ గడపలో మంచినీళ్లు కూడా ముట్టనని వెళ్లిపోయాడు. అత్త దగ్గర కోపం లేదు. "ఎండల ఎద్దులతోటి కష్టం చేసిన కట్టె. ఇప్పుడు నీడకున్నది. పాపమేంది?" అని ఊరుకుంది.

నేను ఊరుకునే మనిషిని కాను. రాజయ్య అరుగు మీద కూర్చుని, నువ్వు దున్నే రేగడి నలుపు, నీ పాడిబర్రె నలుపు, వాటికి పట్టని శని గోడకెలా పట్టిందని నిలదీశాను. ఆయన లేచి బర్రెకు గడ్డి వేయడానికి పోయాడు. గెలిచి వచ్చి ఆ సంగతి చెబితే అత్త నా ముందు అన్నం గిన్నె పెట్టింది.

"నువ్వు గెలుస్తవు బిడ్డా. గెలిచి కామారెడ్డి బస్సెక్కుతవు. నేను గీడ్నే ఉండాలె గద."

ఆమె తర్కం వేరు. నాట్ల రోజుల్లో రాజయ్య వానకు తడిసి, మోకాళ్ల దాకా బురదతో ఆమె గట్టు మీదుగా పోతున్నాడు. అత్త పిలిచి, "రాజయ్యా, నీళ్లు కాగినయ్. తాగనంటివి గద, తాగకు. మీద పోస్కో" అంది. వణుకు శాస్త్రం వినదు. ఆయన లోపలికి పోయాడు. ఎంతకీ రాకపోతే నిద్రపోయాడేమోనని తలుపు తట్టాల్సి వచ్చింది. బయటికొచ్చి, కాడి వంకరగా ఉందని మాత్రం అన్నాడు. మర్నాడు సుత్తె, మేకులు తెచ్చి తానే సరిచేశాడు. ఆ తర్వాత వారానికోసారైనా ఏదో వంక పెట్టుకుని వచ్చేవాడు.

నాకూ ఒక అభ్యంతరం ఉండేది. నేను వెలుగు పక్షాన నిలబడ్డ మనిషిని. తెల్ల పలకలు వేయించుకోక ఈ చీకటి ఎందుకత్తా అని అడిగాను. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పెరట్లో రెండు గుంజలకు చీర కట్టి, ఆ చాటున స్నానం చేసేదట. కోడి కూయకముందే కావాలి; తెల్లారితే దారిన మగవాళ్లు తిరుగుతారు.

"వెలుగు నీకు సభల్ల కావాలె. మాకు వెలుగొస్తే తానం ఆగిపోవుడే. చీకటున్నంతసేపే గీ ఒళ్లు నాది. గప్పుడు ఉరుకులాడిన. ఇప్పుడు గీ చీకటిని తెల్లారనియ్య."

అన్నట్టే సాయంత్రం పూట అత్త పీట వేసుకుని, గడియ పెట్టుకుని, చెంబుతో నింపాదిగా పోసుకుంటూ ఏదో కూనిరాగం తీసేది. అంత తృప్తి గల మనిషిని నేను మరొకరిని చూడలేదు.

రజితకు ఒక మాట చెప్పి ఉంచింది: తాను పోయాక వాకిట్లో చీరలు చుట్టి కడగవద్దు, ఆ గదిలోనే తలుపు పెట్టి ఆడవాళ్లు నీళ్లు పోయాలి. మా దిక్కున అది చిన్న కోరిక కాదు. పీనుగను లోపల కడిగితే ఆ గదిని నెలల తరబడి ఎవరూ వాడకుండా పాడు పెట్టాలని నమ్మకం.

నేను వెళ్లేసరికి వాకిట్లో గుంజలు పాతుతున్నారు. రజిత ఆ మాట చెప్పింది. ముసలమ్మలు ఒప్పుకోలేదు, రేపటి నుంచి నువ్వెక్కడ తానం చేస్తావని అడిగారు. రజిత భర్త చేతిలో గుంజతో అటూ ఇటూ చూశాడు. నా నాలుక మీద వంద వాదాలున్నాయి. కామారెడ్డి బస్సు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అందరూ రాజయ్య వైపు చూశారు.

ఆయన చెప్పులు విడిచి ఆ గదిలోకి వెళ్లి, కందీలు వేసి వచ్చాడు. "పెద్ద లైటు వెయ్యకుండ్రి. వదినెకు నచ్చది" అన్నాడు.

ఆడవాళ్లు ఆమెను లోపలికి తీసుకుపోయారు. గుంజలకు కట్టిన చీరలు ఎవరో విప్పేశారు.

కాష్టం నుంచి వచ్చాక మగవాళ్లందరూ బోరు దగ్గర స్నానాలు చేస్తున్నారు. రాజయ్య బోరు దాటి, పెరటి వైపు నడిచి, ఆ టేకు తలుపు తీసుకుని లోపలికి పోయాడు. వాకిట్లో అందరూ అటు తిరిగారు. చెంబు చప్పుడు వినిపించింది. కొంతసేపటికి లోపలి నుంచి కేక: "రజితా, కాడి మీద తువ్వాల లేదేందే?"

రజిత ఏడుస్తూనే నవ్వి, తువ్వాలతో పరుగెత్తింది. ఇక ఆ గది పాడుపడదు.

ఆత్మలను నమ్మను కనుక శాంతి కోరను. ఓడినవాడికి కూడా తలంటు నీళ్లు కాచిపెట్టగల మనిషి మాకు మళ్లీ దొరకదు. అత్తా, ఆ సాయంత్రం నేనూ ఆ చీకట్లో స్నానం చేశాను. గడియ పెట్టుకుని, నీలాగే, నింపాదిగా.