నాలుగు వేళ్ళ కురచ

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి. నేను దర్జీని. చొక్కా సరిపోకపోతే కొలత తప్పిందంటాను గానీ గాలి సోకిందనను. ఇప్పటికీ అంతే, ఈ ఒక్క సంగతి తప్ప.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో కోయిలకుంట్లలో ఒక బడిపంతులు పక్క ఊరి పాలెగాడి మీద నాటకం రాసి, ఆ వేషం తానే వేయబోయాడు. పాలెగాడి మనవరాలు ఇంకా బతికే ఉంది, ఎనభై ఏళ్ళ ముసలామె. అంతకుముందు ఎవరో ఆ పాలెగాడి వేషానికి చమ్కీల కోటు తొడిగితే జనం పగలబడి నవ్వారట. అందుకని ముందే చెప్పింది: "బట్టలు నాకు సూపీండప్పా. మా జేజినాయన మాదిరి లేకుంటే ఆట ఆడనియ్యను."

ఆమె కాదంటే ఆ చుట్టుపక్కల ఒక్కరూ నాటకానికి రారు. పంతులు రెండేళ్ళ కష్టం నా కత్తెర మీద పడింది.

నాకూ పంతం వచ్చింది. గుడి మంటపం స్తంభాల మీది దొరల బొమ్మలు చూసి వచ్చాను. మోకాళ్ళ దాకా వచ్చే అంగరఖాకు ముడి మా సాయిబులు కుడిచంక కింద, హిందువులు ఎడమచంక కింద వేసేవాళ్ళని ముసలి దర్జీలు చెబితే ఎడమవైపే పెట్టాను. మిల్లుగుడ్డ వద్దని జమ్మలమడుగు నుంచి మగ్గం గుడ్డ తెచ్చాను. అది ఒక్క అంగరఖాకు బొటాబొటిగా సరిపోయింది.

పంతులు కొలతలకే కుట్టాను. ఆయనకు తొడిగి చూస్తే అంగరఖా కుడిచేయి నాలుగు వేళ్ళు కురచ! సిగ్గేసింది. విప్పి రెండు చేతుల ముక్కలూ ఒకదాని మీద ఒకటి పరిచాను. సమానంగానే ఉన్నాయి. మళ్ళీ కుట్టాను. మళ్ళీ నాలుగు వేళ్ళు కురచే.

ముసలామెకు బట్టలు చూపాల్సిన రోజు వచ్చింది. తిట్లు తినడానికి సిద్ధపడి, పట్టపగలు ఆమె ఇంటికి తీసుకెళ్ళాను. ఆమె ముడి చూడలేదు, గుడ్డ చూడలేదు. ఆ కురచ చేతినే పట్టుకుని, దాని అంచు వేళ్ళతో తడిమింది.

"ఇది నీకెవురు చెప్పినారు సాయిబూ?"

"ఎవురూ చెప్పలేదవ్వా. యాడో కొలత తప్పినాది."

ఆమె పెట్టె తెరిచి తాత తొడిగిన అంగరఖా తీసింది. నేనే టేపు పెట్టి కొలిచాను. కుడిచేయి సరిగ్గా నాలుగు వేళ్ళు కురచ. చిన్నప్పుడు గుర్రం మీంచి పడి ఆయన చేయి ఎదగలేదట. బతికినన్నాళ్ళూ పైన శాలువా కప్పుకునే తిరిగాడట. ఆ ఇంటి ఆడవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదట.

భయం వేసింది. అబద్ధమెందుకు, ఇంత ఖచ్చితంగా ఎవడు కుట్టగలడని లోలోపల పొంగాను కూడా. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఆయప్ప దాచుకున్యాడు గదప్పా. నువ్వు నలుగుర్లో ఎట్ల పెడతావు? సమంగా కుట్టుకోని రా. అప్పుడు ఆడుకోండి."

నా పొగరు దిగింది. ఆయన బట్టల గురించి ఊరూరా అడిగాను గానీ ఆ మనిషికి ఏది నొప్పో ఒక్కసారీ ఆలోచించలేదు.

అతుకు వేయడానికి నా దగ్గర బెత్తెడు గుడ్డ లేదు. ఇంటికొచ్చి ఆ చేయి విప్పి, ఏం చేయాలో తోచక అదే ముక్క మళ్ళీ కుట్టాను. రెండు చేతులూ సమానంగా వచ్చాయి.

నాటకం ఆడారు. ముసలామె ముందు వరుసలో కూర్చుంది. ఎవరూ నవ్వలేదు.

అప్పటినుంచి తోటి దర్జీలను అడుగుతూనే ఉన్నాను. ఉతికితే గుడ్డ ముడుచుకుపోతుందని అందరూ చెబుతారు. పెరిగిన గుడ్డను చూసినవాడు మాత్రం ఒక్కడూ దొరకలేదు.