ముందు చిప్ప వెనకవాళ్లకు

మా దీవిలో చావు కబురు ఎవరూ నోటితో చెప్పరు. పోయిన మనిషిని తెస్తున్న పడవ, రేవు కనిపించగానే ఇంజన్ ఆపేస్తుంది. అక్కడి నుంచి గెడకర్రతో నెట్టుకుంటూ వస్తుంది. ఆ రోజు నేను గట్టున రొయ్యలు ఎండబోస్తున్నాను. ఆయాసంతో సూళ్లూరుపేట ఆసుపత్రిలో చేరిన మా వదిన ఆ పొద్దు ఇంటికి రావాలి. దగ్గరవుతున్న పడవ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. చేతిలోని చేట అక్కడే పడేసి నీళ్లలోకి నడిచాను.

వదినంటే మా ఆయనకు అక్క. పెళ్లయిన కొద్దికాలానికే మొగుడు పోతే పుట్టింటికి వచ్చింది. మా ఇంటి పక్కనే ఇల్లు వేసుకుని ఇన్నేళ్లూ ఉండింది. మా ఇద్దరికీ నడుమ ఒక తడిక. దానికి అటుపక్క ఓర్పు, ఇటుపక్క నోరు అని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. నోరు నేనే. అందుకు నేను ఏనాడూ సిగ్గుపడలేదు.

నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే నా కోడలు రాస్తోంది. యాసను సర్దుకో, మాటను మాత్రం మార్చొద్దని చెప్పాను. ఎందుకంటే ఇది ఉత్త తలపోత కాదు, ఒక తగువు కూడా. వదిన తన ముందుగదిని పరదేశపు పిల్లలకు ఇచ్చేది. ఆమె పోయాక ఆ గదిలో వలలు పెట్టుకుందామని ఊరి పెద్దలు అనుకున్నారు. అప్పటికే అందులో ఒక పిల్ల ఉంది. దాని చదువు పని సగంలో ఉంది. ఆ పిల్లను పంపెయ్యాలన్నది వాళ్ల మాట. ఉండనివ్వాలన్నది నా మాట. ఎందుకో తెలియాలంటే మీకు వదిన తెలియాలి.

చలికాలం వచ్చిందంటే పులికాట్ నీళ్లలో, మా దీవి చుట్టూ ఎక్కడెక్కడి పక్షులో దిగుతాయి. గులాబీరంగు రెక్కల పెద్ద కొంగలు గుంపులు గుంపులుగా నిలబడతాయి. వాటిని చూసి రాసుకోవడానికి తిరుపతిలో చదివే వేరే దేశాల పిల్లలు వస్తారు. పక్షులు ఏం తింటాయో, ఎక్కడ గుడ్లు పెడతాయో వాళ్లకు బాగా తెలుసు. ఈ దీవిలో తాము ఏం తినాలో, ఎట్లా పడుకోవాలో ఎవరూ చెప్పి పంపరు. ఆ పనిని వదిన నెత్తిన వేసుకుంది. ఎవరూ అడగలేదు.

ఆమెకు తెలుగు, అరవం తప్ప రావు. ఆ పిల్లలకు ఆ రెండూ రావు. అయినా ఏనాడూ మాటకు ఇబ్బంది పడినట్టు కనపడలేదు. వచ్చిన రోజే పిల్లల్ని బురదలోకి తీసుకుపోయేది. చెప్పులు విప్పించి, నడవమని చెయ్యి చూపేది. వాళ్లు రోడ్డు మీద నడిచినట్టు మడమ మోపి నడిచేవాళ్లు. మోకాలిదాకా దిగబడి బోర్లా పడేవాళ్లు. గట్టు మీద ఊరంతా నవ్వేది. ముందే చెప్పొచ్చు కదా వదినా, పాపం అంటే, “ఈడ పడనీ మే. లాగడానికి నేనుండాను. పక్షుల కాడ పడితే ఆడ ఎవురుండారు?” అనేది. అప్పుడు తన చీర ఎగదోపుకుని దిగి, వేళ్లు పరిచి, పాదాన్ని పక్కకు జారుస్తూ నడిచి చూపేది. బురద ఒంటినిండా అంటిన పిల్ల ఆ నడకను మళ్లీ మరవదు.

తెల్లారి చెప్పులు విదిలించి తొడుక్కోవాలి, లోపల తేలు ఉండొచ్చు. ఎండెక్కితే నెత్తిన తడిగుడ్డ ఉండాలి. పొద్దున్నే ఉప్పేసిన మజ్జిగలో చద్దన్నం పిసుక్కుని తాగాలి, రొట్టెముక్క తిని ఎండలోకి పోతే కళ్లు తిరుగుతాయి. పొద్దుగూకకముందే బట్టలు తీసెయ్యాలి, లేదంటే ఉప్పుగాలికి మళ్లీ తేమెక్కుతాయి. సబ్బు కావాలన్నా, మాత్ర కావాలన్నా పొద్దుటి పడవవాడికే చెప్పుకోవాలి. మధ్యాహ్నం గాలి తిరిగిందంటే ఎంత డబ్బిచ్చినా పడవ కదలదు. ఇవన్నీ ఆమె చేసి చూపించేది. ఫోను మాట్లాడాలంటే రేవులో బోర్లించిన పాత పడవ ఎక్కి కూర్చోవాలి. దీవిలో ఫోను సరిగ్గా పలికేది అక్కడొక్కచోటే. సాయంత్రం కాగానే చెయ్యి చెవికి ఆనించి, తలెగరేసి అడిగేది. అమ్మతో మాట్లాడావా అని దానికి అర్థం. మాట్లాడలేదంటే చెయ్యిపట్టి పడవ దాకా తీసుకుపోయేది.

ఒకసారి ఒక పిల్ల ఇల్లు తలుచుకుని ఏడుస్తూ కూర్చుంది. వదిన ఓదార్చలేదు. గంపెడు చేపలు ముందు పెట్టింది. “ఏడ్సుకుంటానే తోము తల్లీ. చేప ఏమీ అనుకోదు” అంది. ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పొలుసు గీకుతూ గీకుతూ ముక్కు చీదుకుని నవ్వింది.

ఇక నీళ్ల సంగతి చెప్పాలి. చుట్టూ సరస్సే గానీ గొంతులో పోసుకునే పని లేదు, ఉప్పు. పడవలో క్యాన్లు వస్తాయి, రాని రోజులూ ఉంటాయి. మా ప్రాణం చెలమల్లో ఉంది. ఇసుక దిబ్బలో చేత్తో గుంట తీస్తే అడుగున తియ్యనీళ్లు ఊరుతాయి. ఆ తియ్యనీళ్లు పలచగా, పైపైనే ఉంటాయి. కింద మళ్లీ ఉప్పే. అందుకే చెలమలో బిందె ముంచకూడదు. అంచున గొంతుక్కూర్చుని టెంకాయ చిప్పతో, నీళ్లు కదలకుండా తోడుకోవాలి. అన్నిటికన్నా తియ్యవి మొదట తోడిన నీళ్లు. ఆ మొదటి చిప్పను మనం పోసుకోము. వెనక వంతులో ఉన్నవాళ్ల బిందెలో పోస్తాం. వెనక ఎవరని తిరిగి చూడకూడదు. చెయ్యి వెనక్కి చాపాలి, అంతే. పొద్దున పోట్లాడుకున్న మనిషైనా సరే. ఎవరూ లేకపోతే కాకులకు గట్టున పోస్తాం.

నాది ఐరాల పక్క ఊరు. చెరువుల్లో చేపలు పట్టుకునే ఇల్లు. గిలక బావిలో చేద వేసి తోడుకునే చోట పుట్టి ఈ దీవికి కోడలిగా వచ్చాను. మొదటి రోజు నా మణికట్టు పట్టుకుని చిప్పను చెలమలోకి దించింది మా వదినే. బురదలో పడనిచ్చిందీ ఆమే. నేను ఏడుస్తుంటే చేపల గంప నా ముందు కూడా పెట్టింది. అంటే ఆమె బడిలో మొదటి పరదేశిని నేను.

ఒక ఏడు ఇద్దరు మగపిల్లలు వచ్చారు. వదిన అన్నం తిన్నారు, ఊరివాళ్ల నవ్వులు చూశారు. పోయేలోపు ఊరికి ఏదైనా మేలు చెయ్యాలనుకున్నారు. పార తెచ్చి, చెలమను లోతుగా, వెడల్పుగా తవ్వారు. నిండా నీళ్లు చూసి మురిసిపోయారు. మేము నోట్లో పోసుకుంటే కక్కొచ్చేంత ఉప్పు. ఆ వాడకట్టు చెలమ నీళ్లు మళ్లీ తియ్యగా కాలేదు. నేను తిట్టిన తిట్లు కోడలు రాయనంటోంది. వదిన మాత్రం ఇద్దరినీ దిబ్బ అవతలికి తీసుకుపోయి, పార లాక్కుని, చేతులతో కొత్త గుంట తీయించింది. నీళ్లు ఊరేదాకా ఎండలో వాళ్లతోపాటు కూర్చుంది. తిరిగొస్తూ నన్ను చూపించి వాళ్లకు ఏదో సైగ చేసింది. ఏమన్నావని అడిగాను. “నా మరదలు తిడితే, అన్నం తిన్నారా అని అడిగినట్టని చెప్పినా” అంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి పిల్లకూ అదే చెప్పింది. నేను అరిచినప్పుడల్లా వాళ్లు పొట్ట తడుముకుని తలూపేవాళ్లు. వాళ్లమీద కోపం నిలుపుకోవడం నావల్ల అయ్యేది కాదు.

ఇప్పుడున్న పిల్లది ఎక్కడో సముద్రం నడుమ దీవి. మేము కొంగల పిల్ల అంటాం. వదినను పడవలోంచి దించేటప్పుడు ఆ పిల్ల నడుములోతు నీళ్లలో నిలబడి మాతోపాటు చెయ్యి వేసింది. వేళ్లు పరిచి, పాదం జారుస్తూ ఒడ్డుకు నడిచింది. ఒక్కసారి కూడా తడబడలేదు.

పెద్దకర్మ అయ్యాక కూటం పెట్టారు. ఊరిపెద్ద నాకు అల్లుడి వరస, వదినకు కొడుకు వరస. చెడ్డవాడు కాదు, భయస్తుడు. “పెద్దమ్మ ఉన్నింది కాబట్టి ధైర్యంగా ఉంటిమి అత్తా. రేపు ఆ పాప బురదలో దిగబడినా, ఇంకో చెలమ చెడినా జవాబు ఎవురు చెప్పేది?” అన్నాడు.

నేను చెప్తానన్నాను.

“నీకు ఓర్పు యాడుండాది? నువ్వు నోరు తెరిస్తే ఆ పాప పడవ వచ్చేదాకా కూడా ఆగదు. ఈదుకుంటా పోతాది.”

కూటమంతా నవ్వింది. నవ్వనిచ్చాను. “మీ పెద్దమ్మ ఓర్చుకుని నేర్పింది. నేను తిట్టి నేర్పుతా. నీళ్లు తోడేది మాత్రం ఒకే తీరు గదరా. ఐరాల నుంచి వచ్చినప్పుడు నన్నూ ఇట్లనే పడవెక్కించి పంపిచ్చినారా?” అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. తెల్లారి పడవకు పంపేద్దామని, ఆ మాట తానే వచ్చి పాపకు చెప్తానని లేచిపోయాడు.

తెల్లారి బిందె తీసుకుని దిబ్బ ఎక్కేసరికి, అతను నాకన్నా ముందే అక్కడ ఉన్నాడు. కొంగల పిల్ల చెలమ అంచున గొంతుక్కూర్చుని ఉంది. అతను వెనకగా పోయి నిలబడి, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక దగ్గాడు. ఆ పిల్ల తిరిగి చూడలేదు. వదిన దించినట్టే చిప్పను నీళ్లకు ఆనించి, నిండగానే ఎత్తి, చెయ్యి వెనక్కి చాపింది.

అతని దగ్గర బిందె లేదు. నీళ్లకు వచ్చిన మనిషి కాదు కదా. నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. ఆ పిల్ల చెయ్యి అట్లాగే చాపి ఉంచింది. ఊరిపెద్ద కాసేపు ఆ చిప్పను చూశాడు. తర్వాత మోకాళ్లు వంచి ఇసుకలో కూర్చుని, రెండు చేతులూ దోసిలి పట్టాడు.

అతను తాగడం పూర్తయ్యేసరికి రేవులో పొద్దుటి పడవ ఇంజన్ మొదలైంది. ఆ చప్పుడు దూరమవుతూ దూరమవుతూ పోయింది. ముగ్గురిలో ఎవరమూ అటు చూడలేదు. కొంగల పిల్ల మళ్లీ చెలమ మీదికి వంగింది. చిప్ప ఆనిన చోట కూడా నీళ్లు కదలలేదు.