కార్జం అని రాసిన పొట్లం

విస్కాన్సిన్ నది ఒడ్డున కాగితం మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన ఎల్డన్ హాక్బర్త్ జీవితంలో ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. జీతం పెంచమని కూడా యూనియనే అడిగేది, ఆయన మీటింగులో చెయ్యెత్తేవాడు, అంతే. అలాంటి మనిషి అరవై మూడో ఏట వంటింటి గోడకానుకుని, ఫోను చెవికి పెట్టుకుని, తన పడగ్గది సంగతి ముక్కూ మొహం తెలియని ఇన్సూరెన్సు వాళ్లకి ఐదోసారి విన్నవించుకుంటున్నాడు. అవతల నుంచి ఒకే పాట వస్తోంది. మధ్యమధ్య ఒక గొంతు, మీ పిలుపు మాకెంతో విలువైనది అంటోంది. అంత విలువైనదైతే నలభై నిమిషాలు ఎందుకు నిలబెట్టారో ఆ గొంతుకే తెలియాలి.

రెండేళ్ల కిందట ఎల్డన్‌కి ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలింది. గ్రంథి తీసేశారు. ప్రాణం దక్కింది, అదే పదివేలు అన్నారు చర్చిలో అందరూ. ఏడాది పాటు ఎల్డన్ కూడా అదే అనుకున్నాడు. కానీ గ్రంథితోబాటు కొన్ని నరాలూ పోయాయి. వాటితో మగతనం పోయింది. మాత్రలు వాడి చూశాడు. తలనొప్పి వచ్చింది గాని ఇంకేమీ రాలేదు. భార్య ఆర్డిస్ పక్కన పడుకోవడం నరకమైపోయింది ఆయనకి. ఆవిడ చెయ్యి మీద పడితే, ఏదో ఆశించి వేసిందేమోనని ఉలిక్కిపడేవాడు. నడుం నొప్పి అని ఓ వంక చెప్పి హాల్లో వాలుకుర్చీలోకి మకాం మార్చాడు. ఆ వంక పదమూడు నెలలుగా నడుస్తోంది.

మే నెలలో డాక్టరు, అవసరమైనప్పుడు తనే పొడుచుకోవాల్సిన సూదిమందు రాసిచ్చాడు. దాన్ని ఏ కంపెనీ తయారుచేయదు. మూడు మందుల్ని పాళ్ల ప్రకారం కలిపి, ఎవరిది వాళ్లకి విడిగా చేసిచ్చే కొట్టు పక్క ఊళ్లో ఒక్కటే ఉంది. అక్కడి ఫార్మసిస్టు జనీన్ చిన్న సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఫ్రీజర్లో పెట్టుకోండి బాబాయ్. ఆరు నెలలు ఉంటుంది. ఆ తరవాత పారెయ్యడమే."

"ఎంతమ్మా?"

"నూట అరవై డాలర్లు. నెలకో సీసా పట్టొచ్చు."

"ఇన్సూరెన్సు ఇస్తుందా?"

జనీన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "చేత్తో కలిపిన మందంటేనే వాళ్లు ఆమడ దూరం పరిగెడతారు. అందులోనూ ఈ మందు! సరదాకి వాడేదంటారు. నా వంతు నేను పంపిస్తా. కాదంటే అర్జీ పెట్టండి, ఒక్కోసారి ఒప్పుకుంటారు."

"నువ్వు చూశావా, ఒప్పుకోవడం?"

"నేనైతే చూళ్లేదు బాబాయ్."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఈ దేశంలో పుట్టలేదు గాని పుట్టవలసింది ఇక్కడే. ఎల్డన్ చేతి డబ్బు పెట్టి సీసా కొన్నాడు. మిల్లు మూతపడ్డాక వచ్చే పింఛనులో నెలనెలా అంత పెట్టలేడు. కాబట్టి ముందే అర్జీ పెట్టి, ఇన్సూరెన్సు వాళ్లు సరేనన్నాకే సీసా మూత తియ్యాలని ఒట్టు పెట్టుకున్నాడు.

ఇక సీసా దాచడం. ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ గరాజులో శవపేటికంత ఫ్రీజరు ఉంటుంది. నవంబరులో కొట్టిన జింక మాంసం మళ్లీ నవంబరు దాకా అందులోనే. తెల్ల మైనపు కాగితంలో చుట్టి, పైన నల్ల సిరాతో తొడ, నడుం, ఖీమా అని రాసిపెట్టుకుంటారు. ఎల్డన్ కూడా సీసాని అదే కాగితంలో చుట్టి, పైన 'కార్జం' అని రాసి అడుగున పెట్టాడు. ఆ ఇంట్లో కార్జం ఎవరూ ముట్టరు. అంతకంటే భద్రమైన చోటు బ్యాంకులో కూడా దొరకదనుకున్నాడు.

జూన్ పోయింది, జులై పోయింది. ఇన్సూరెన్సు నుంచి ఉత్తరం రాదు. ఫోను చేస్తే పంపించాం అంటారు. ఆర్డిస్ బళ్లో పిల్లలకి వండివార్చి మధ్యాహ్నం మూడింటికి వస్తూ, రోడ్డు పక్క పెట్టెలోంచి ఉత్తరాలు తెస్తుంది. ఆయనవి ఆయన కుర్చీ చెయ్యి మీద పెడుతుంది. వేటసామాన్ల కేటలాగు, యూనియన్ పత్రిక, అంతే. ఆర్డిస్ ఈమధ్య మాట్లాడడం బాగా తగ్గించింది. బడిలో పనెక్కువైందేమో అనుకున్నాడు ఎల్డన్. జింకల వేట మొదలవడానికి వారం ముందు, గిన్నెలు కడుగుతూ ఆవిడే అంది:

"చిన్నగదిలో కుట్టుమిషను తీసేసి మంచం వేయించాను. నువ్వు అందులో పడుకో. ఆ కుర్చీలో ఎన్నాళ్లని పడుకుంటావు?"

"అక్కర్లేదులే."

"నీకు అక్కర్లేదని తెలుసు. నాకు కావాలి. పొద్దున్నే లేచి ఆ కుర్చీని చూడలేకపోతున్నా."

కుర్చీ అంటే నడుం నొప్పికి, కొన్నాళ్లకి. మంచమంటే ఎప్పటికీ. అందుకే ఆ మర్నాడు ఆవిడ బడికి వెళ్లగానే ఐదోసారి ఫోను అందుకున్నాడు.

పాట ఆగింది. ఒక ఆడమనిషి పలికింది.

"మీ అర్జీ తిరస్కరించారండీ. అదే ఆఖరు."

"ఆ ముక్క కాగితం మీద రాసి ఏడవొచ్చుగా! ఆరు నెలల్నించీ ఒక్క ఉత్తరం లేదు!"

"నాలుగు పంపామండీ. పాలసీదారు పేరున."

"పాలసీదారుని నేనే కదమ్మా!"

"కాదండీ. పాలసీ ఆర్డిస్ హాక్బర్త్ గారిది. మీరు ఆవిడ మీద ఆధారపడ్డవారు. అన్నీ ఆవిడ పేరునే వస్తాయి."

ముప్పై ఒక్క ఏళ్లు మిల్లు ఇన్సూరెన్సు ఆయన పేరున ఉండేది, ఉత్తరాలు ఆయన పేరున వచ్చేవి. మిల్లు మూతపడి ఆర్డిస్ బడి ఇన్సూరెన్సులోకి మారాక కూడా ఆయన బుర్ర మాత్రం మిల్లులోనే ఉండిపోయింది. ఫోను పెట్టేసి అక్కడే నేల మీద కూలబడ్డాడు. మూడింటిదాకా లేవలేదు.

ఆర్డిస్ వచ్చింది. ఆయన మొహం చూసింది. ఏమీ అడగకుండా కోటుతోనే గరాజులోకి వెళ్లి, కార్జం పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది. సొరుగులోంచి నాలుగు ఉత్తరాలు తీసి దాని పక్కన పెట్టింది.

"మనింట్లో కార్జం తిని ముప్పై ఏళ్లయింది ఎల్డన్. మొదటి ఉత్తరం రాగానే వెతికాను. ఇప్పుడు చెప్పు. ఎవరామె?"

"ఎవరేంటి?"

"నా ఛాయలకి రావు. ఈ మందు కొంటావు. నాకు కనపడకుండా దాస్తావు. నేనేమనుకోవాలి? ఆరు నెలలు బళ్లో బంగాళాదుంపలు చెక్కుతూ ఊళ్లో ఆడవాళ్లందర్నీ ఒక్కొక్కర్నే తలుచుకున్నాను, తెలుసా?"

ఎల్డన్ ఆ పొట్లాన్ని ఆవిడ వైపు తోశాడు. "విప్పి చూడు. మూత కూడా తియ్యలేదు."

ఆర్డిస్ కాగితం విప్పింది. సీసా మీది ముద్ర చెక్కుచెదరలేదు. తేదీ చదివింది. గడువు దాటి నాలుగు రోజులైంది.

"ఎందుకు వాడలేదు మరి?"

"వాళ్లు ఒప్పుకున్నాక అని..." అన్నాడు. ఆపైన అబద్ధమాడే ఓపిక లేకపోయింది. "అదంతా ఉత్తిదే. భయమేసింది. ఇది కూడా పనిచెయ్యకపోతే ఇంక ఏమీ లేదుగా. వాళ్ల జవాబు రానంతవరకూ ఇంకా ఏదో ఉన్నట్టుండేది. సూదన్నా భయమే."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపం ఎటు పోయిందో, మొహంలో ఒట్టి అలసట మిగిలింది.

"మా అమ్మకి పదకొండేళ్లు ఇన్సులిన్ పొడిచింది నేను. నన్నడగొచ్చు కదయ్యా! ఆ ఫోనుల్లో ఎవరెవరికో చెప్పుకున్నావు, నాకు చెప్పలేకపోయావా?"

"సిగ్గేసింది."

"నీ సిగ్గు మండిపోనూ." ముక్కు చీది, ఉత్తరాలు నాలుగూ చించి పొయ్యి పక్క డబ్బాలో పడేసింది. "నెలనెలా కొనలేం. బళ్లో పిల్లలకి కేకులు చేసిపెడితే వచ్చే అదనపు డబ్బులతో ఏడాదికి నాలుగు కొనగలం. శనివారం ఆ కొట్టుకి నేనూ వస్తా."

"పనిచెయ్యకపోతే?"

"పనిచెయ్యకపోతే పోయె."

"చేసినా, మిగతా నెలల మాటేమిటి?"

ఆర్డిస్ లేచి కోటు విప్పి కొక్కేనికి తగిలించింది.

"మిగతా నెలలు వచ్చి నా పక్కన పడుకో. దానికి ఎవడి మంజూరూ అక్కర్లేదు."

ఎల్డన్ చిన్నగదిలోకి వెళ్లి మంచం కాళ్ల మరలు ఊడదీయడం మొదలుపెట్టాడు.