పేగు తీగా, ఉక్కు తీగా

అనకాపల్లి స్టేషన్ వెయిటింగ్ హాల్లో, మనిషంత ఎత్తు డబుల్ బేస్‌ని గోడకి ఆనించి తల పట్టుకుని కూర్చున్నాను. జాజ్‌లో వేళ్లతో మీటడానికి గొర్రె పేగుతో చేసిన తీగ హాయిగా ఉంటుంది. ఆర్కెస్ట్రాలో కమానుతో వాయిస్తే ఉక్కు తీగే స్పష్టంగా పలుకుతుంది. నేను రెండుచోట్లా వాయిస్తాను, ఉన్నది ఒక్కటే బేస్. ఎటూ తేలక సగం అవీ సగం ఇవీ కట్టాను. అవి ఒకదానితో ఒకటి పొసగడం లేదు. వైజాగ్ చేరేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి.

పురుటికి దేవరాపల్లి వెళ్తున్న ఒకమ్మాయి పక్కనే కూర్చుని చూస్తోంది.

"ఏటి బాబూ, ఇంత పెద్ద ఫిడేలా? ఓపాలి వాయించండి."

ముందు పేగు తీగ మీటాను, తర్వాత ఉక్కు తీగ. ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"ముందుదానికి కదిలేడు బాబూ. రెండోదానికి ఊరుకున్నాడు."

నాకు ప్రాణం లేచివచ్చింది. అంతలోనే అనుమానం పట్టుకుంది.

"కదిలితే నచ్చినట్టా అమ్మా, బెదిరినట్టా?"

"నాకేటి తెలుసు? పుట్టేక ఆణ్నే అడగండి."

ఇంతలో ఆమె అన్న వచ్చి తీసుకెళ్లిపోయాడు. పేరైనా అడగలేదు.

ఆ బిడ్డకి ఈపాటికి మాటలు వచ్చేసి ఉంటాయి. నా బేస్ మీద ఇంకా రెండు రకాల తీగలూ ఉన్నాయి.