గుంజి చూడన్నా

పెన్సిల్వేనియా కొండల్లో స్కీయింగ్‌కి వెళ్లినప్పుడు, పైకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్ట్ సగం దారిలో ఆగిపోయింది. కింద లోయ. గాలికి కుర్చీ ఊగుతోంది. నా పక్కన రిసార్ట్ జాకెట్ వేసుకున్న ముప్పై ఏళ్ల మనిషి. ఒళ్లో పట్టీలూ కొక్కేలూ ఉన్న సేఫ్టీ బెల్ట్ పెట్టుకున్నాడు.

"భయపడకు అన్నా, ఐస్ పడితే గిట్లనే ఆగుతది," అన్నాడు. క్యూలో నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విన్నాడు కాబోలు.

అతని చూపు మాత్రం ఎదురుగా లిఫ్ట్ తీగను మోస్తున్న ఇనుప స్తంభం మీదే ఉంది. దాని మీద పేరుకున్న ఐస్ కొట్టడానికి ఇవాళ తను ఎక్కాలట.

"పోయిన నెల మా దోస్తు దాని మీదికెల్లే పడి చచ్చిపోయిండు. ఎక్కే ముందు ఒకరి బెల్ట్ ఇంకొకరం గుంజి చూస్తం. ఆ రోజు మనుషులు తక్కువున్నరని వాన్నొక్కన్నే పంపిన్రు."

"ఇవాళ మీతో ఎవరొస్తున్నారు?"

అంతలో లిఫ్ట్ ఒక్క కుదుపుతో కదిలింది.

పైన దిగి చూస్తే అతని కోసం ఎవరూ లేరు.

"ఎక్కనని చెప్పొచ్చు కదా?" అన్నాను.

"నా వీసా వాళ్ల చేతిలున్నది అన్నా."

బెల్ట్ తొడుక్కుని, వచ్చి నాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఒక్కసారి గట్టిగ గుంజి చూడన్నా."

గ్లవ్స్ తీసేసి, వీపు మీది పట్టీ పట్టుకుని బలమంతా పెట్టి లాగాను.

"ఇంకోసారి," అన్నాడు. మళ్లీ లాగాను. థాంక్స్ చెప్పి, మంచులో ఆ స్తంభం వైపు దిగివెళ్లాడు.

ఆ బెల్టుల గురించి నాకు ఓనమాలు కూడా తెలియవు. ఆ సంగతి అతనికీ తెలుసు.