తెరచాప కొయ్యకి కట్టిన గడియారం

పొద్దున మా మేనల్లుడు రాజమండ్రి ఆటోలో దొరికిందంటూ ఒక ఫోన్ తెచ్చి, స్విచాఫ్ చేసేశానని, కొట్టువాడు మంచి ధరే ఇస్తానన్నాడని మురిసిపోతుంటే, చేతిలోంచి లాక్కుని బొడ్లో దోపుకున్నాను. "దొరికిందే కదా అత్తా, దొంగతనం ఏంటి?" అన్నాడు. దొంగతనమే. ఆ మాట అనే హక్కు నాకుంది, ఎందుకంటే ఆ పని నేనూ చేశాను.

కొత్తగా టీచరునైన రోజుల్లో గోదావరి దాటి లంకలోని బడికి రోజూ పడవలోనే వెళ్లేదాన్ని. ఆ పడవలెక్కినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఎవరికేది దొరికినా తెరచాప కొయ్యకి కట్టేసేవారు, పోగొట్టుకున్నవాళ్లు వచ్చి విప్పుకునేవారు. గొడుగులు, చంటిపిల్లల చెప్పులు, ఒకసారైతే ఎవరివో కట్టుడు పళ్లు కూడా గుడ్డలో వేలాడాయి.

అలాంటి పడవలో బల్ల కింద నాకు చేతిగడియారం దొరికితే కట్టలేదు. ఎవరో ఒకరు కాజేసేదే, ఆ ఎవరో నేనైతే ఏం అనుకుని, పాలకొల్లులో గడియారాలు బాగుచేసేవాడికి అమ్మి చీర కొనుక్కున్నాను. తీరా చూస్తే అది లంకలోని నర్సమ్మగారిది, నాడి చూడటానికి ఆవిడకున్నది అదొక్కటే. మూడు రోజులు వచ్చి ఖాళీ కొయ్యను చూసి వెళ్లింది. నాలుగో రోజు ఎవరో, సరంగే తీసుంటాడన్నారు. పడవ నడిపే ఆ పెద్దాయన తన రేకుపెట్టె తెచ్చి అందరి ముందూ బోర్లించాడు. రెండు లుంగీలు, ఒక దువ్వెన. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే చెవిదుద్దులిచ్చి గడియారం వెనక్కి తెచ్చాను. మర్నాడు చెవుల్లో వేపపుల్లలతో, నడి గోదావరిలో లేచి నిలబడి, దాన్ని కొయ్యకి కట్టి, తీసింది నేను, అమ్మింది నేను, సరంగుగారు కాదు అని గట్టిగా చెప్పాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. సరంగు "కూర్చోండి టీచరుగారూ, పడవ ఒరిగిపోద్దండి" అన్నాడు, అంతే.

ఇప్పుడక్కడ వంతెన వచ్చింది. దాటడం సుఖమే, కాదనను, కానీ పోగొట్టుకున్నవాళ్లు వచ్చి తలెత్తి చూసుకునే చోటే లేకుండా పోయింది. ఈ కాలంలో ఇలా ఎవరుంటారని మా మేనల్లుడు సాధిస్తున్నాడు. నేనుంటాను. ఫోన్ ఆన్ చేసి, ఛార్జరు పెట్టి, వీధి గుమ్మం పక్క మేకుకి సంచిలో వేలాడదీశాను. మోగితే నేనే ఎత్తుతాను. వాడు అన్నం తినకుండా అలిగి కూర్చున్నాడు. కూర్చోనివ్వండి.